నేను కలిపిన ఒక్క వాక్యం

ఆ సినిమా నిజామాబాద్‌లో ఐదు రోజులు ఆడింది. నేను చివరి రోజున చూశాను. నేను పనిచేసే కళ్లద్దాల దుకాణానికి మంగళవారం సెలవు. పెద్ద హీరోలు లేరు, పోస్టరు కూడా ఒక్కచోటే అంటించారు. కొంత భాగం బోధన్‌లో తీశారని ఎవరో అంటే వెళ్లాను. హాల్లో ఏడుగురం ఉన్నాం. వాళ్లలో ఇద్దరు ఏసీ కోసం వచ్చినట్టున్నారు, టైటిల్స్ పూర్తికాకముందే నిద్రపోయారు.

కథ చిన్నది. ఇద్దరు చిన్ననాటి స్నేహితులు. ఒకప్పుడు ప్రేమించుకున్నారు. అతను చేసిన ఒక పిరికిపని వల్ల విడిపోయారు. చాలా ఏళ్ల తర్వాత బోధన్ బస్టాండులో ఎదురుపడతారు. మొదట కోపంగా, తర్వాత మొహమాటంగా, ఆ తర్వాత మళ్లీ స్నేహితుల్లా మాట్లాడుకుంటారు. మూతపడ్డ చక్కెర ఫ్యాక్టరీ గోడ పక్కన నడుస్తారు. చివర్లో అతను ఆమె ఇంటికి వచ్చి “తప్పు నాదే” అంటాడు. ఆమె చాయ్ పోసి “తాగు, చల్లారుతుంది” అంటుంది. అంతే, సినిమా అయిపోతుంది. నాకు ఇలాంటివి ఇష్టం. ఎవరూ అరవరు, ఎవరూ చావరు.

కానీ నేను ఆ చివరిదాకా సరిగ్గా చూడలేకపోయాను. బస్టాండు సీనులో వాళ్లిద్దరి వెనక జనం ఉన్నారు. ఆ జనంలో ఒక ఆమె చంటిపాప మూతి కొంగుతో తుడుస్తూ తల ఎత్తింది. కెమెరా వైపు చూడొద్దని వాళ్లకు చెప్పే ఉంటారు. ఆమె సూటిగా చూసింది, ఎవరు పిలిచారన్నట్టు. రెండు మూడు క్షణాలు. ఆమె నా దోస్తు.

ఎనిమిదేళ్లుగా నేను ఆమె ముఖం చూడలేదు. ఆమె ఉండే బోధన్‌కు మా ఊరినుంచి బస్సులో గంట కూడా పట్టదు.

మర్నాడు పని నుంచి త్వరగా బయటపడి మళ్లీ చూద్దామని వెళ్లాను. ఆ పోస్టరు మీద వేరే పోస్టరు అంటించి ఉంది. టికెట్లిచ్చే ఆయన నన్ను వింతగా చూసి, “దానికోసం రెండోసారి వచ్చింది నువ్వొక్కదానివే బిడ్డా” అన్నాడు.

మా గల్లీలో ఇంటింటా బీడీలు చేస్తారు. మా అమ్మ చేస్తుంది, నా దోస్తు ‘అవ్వ’ అని పిలిచే వాళ్లమ్మ కూడా చేస్తుంది. తునికాకులు నీళ్లు చల్లి తడిగుడ్డలో కట్టిపెట్టడం, కొలతకు రేకు ముక్క పెట్టి కత్తిరించడం, తంబాకు పోసి చుట్టడం, దారం కట్టి కొన మడవడం, ఇరవై ఐదు చొప్పున కట్టలు కట్టి చాటలో పేర్చి సాయంత్రం కార్ఖానాకు తీసుకుపోవడం. బడినుంచి రాగానే మేమిద్దరం మా అమ్మల పక్కన కూర్చునేవాళ్లం. దాని వేళ్లు చూస్తుండగానే బీడీ అయిపోయేది. నేను చుట్టినవి వదులుగా ఉండి తంబాకు రాలేది. అందుకని నాకు కొనలు మడిచే పని ఇచ్చారు. అది చుట్టేది, నేను మడిచేదాన్ని. మాట్లాడేది అది, వినేది నేను.

ఇంటర్ మొదటి సంవత్సరంలో ఉన్నప్పుడు దానికి ఒక అబ్బాయి మీద మనసైంది. బీడీలు చూసి తీసుకునే టేకేదారుకు అతను అన్నకొడుకు. డిగ్రీ చదువుతూ సాయంత్రాలు కార్ఖానాలో కూర్చునేవాడు. టేకేదారులు కట్టను వేళ్లతో నొక్కి చూసి, బాగా చుట్టని బీడీలు పక్కన పారేస్తారు. అతను మాత్రం పారేసేటప్పుడు కూడా ముఖం చిన్నబుచ్చుకునేవాడు. “పాపం, పారేస్తుంటే వానికే బాధయితది సూడు” అని నా దోస్తు మురిసిపోయేది.

ఉత్తరాలు రాయడం నా పని. నా రాత బాగుంటుందని, పుస్తకాలు చదువుతానని. అది చెప్పేది, నేను నోటుబుక్కు కాగితం సన్నగా చింపి రాసేదాన్ని. పేర్లు మాత్రం రాసేవాళ్లం కాదు. ఆ చీటీని అది తంబాకుకు బదులు ఆకులో పెట్టి బీడీలాగే చుట్టేది. గుర్తుకోసం నేను కొన రెండు మడతలకు బదులు మూడు మడతలు వేసేదాన్ని. దాన్ని పైకట్టలో నడుమ పెట్టేవాళ్లం. అతను కట్ట నొక్కి, “ఇది మంచిగ లేదు” అని ఆ ఒక్క బీడీ తీసి జేబులో వేసుకునేవాడు. మూడు నెలల్లో ఐదు ఉత్తరాలు అలా వెళ్లాయి. ఎవరికీ అనుమానం రాలేదు.

ఆరో ఉత్తరం రాసిన రోజు దానికి జ్వరం. మంచంలో పడుకుని చెప్పింది: “నేను ఇంటర్ అయినంక నర్సింగ్ చదువుకుంట, గప్పటిదాక ఆగుమను. ఆగకుంటే నీ ఇష్టమని రాయి.” నేను రాయబోయి ఆగాను. నాకు అది దరఖాస్తులా అనిపించింది. ప్రేమ ఉత్తరంలో నర్సింగ్ ఏమిటి? అప్పుడు నేను అద్దె పుస్తకాల దుకాణం నుంచి తెచ్చిన నవలలు పరీక్ష పుస్తకాల కింద పెట్టుకుని చదివేదాన్ని. నర్సింగ్ మాట వదిలేసి, “నువ్వు రమ్మంటే కట్టుబట్టలతో ఇల్లు విడిచి వస్తాను” అని రాశాను. రాసి రెండుసార్లు చదువుకున్నాను. నాకు చాలా నచ్చింది. దానికి చదివి వినిపించలేదు. తల నొప్పిగా ఉందంటూ కళ్లు మూసుకుని ఆకులో చుట్టేసింది.

ఆ సాయంత్రం రెండిళ్ల చాటలూ నేనే కార్ఖానాకు మోసుకుపోయాను. అక్కడ అతను లేడు. అతని స్థానంలో వాళ్ల బాబాయి, అంటే టేకేదారే కూర్చున్నాడు.

నా ముందు పదిమందైనా ఆడవాళ్లు ఉన్నారు. పైకట్టలోంచి ఆ ఒక్క బీడీ తీసి నడుము దగ్గర దోపుకోవడానికి నాకు కావలసినంత సమయం ఉంది. కానీ చాటలో చెయ్యి పెడితే అందరూ చూస్తారు, “ఏం తీస్తున్నవే?” అంటారు, నేను జవాబు చెప్పాలి. ఆ ఒక్క ప్రశ్నకు భయపడి, వరుసలో అడుగు అడుగు ముందుకు జరిగాను. ఇప్పుడు రాస్తుంటే నమ్మశక్యంగా లేదు. కానీ సిగ్గు అలాంటిదే.

ఆయన కట్ట నొక్కాడు. నడుమ బీడీ మెత్తగా తగిలింది. విరిచాడు. కాగితం బయటపడింది.

“గిదేం తంబాకు రో!” అని నవ్వి, పైకి చదవడం మొదలుపెట్టాడు. ఆడవాళ్లు కూడా నవ్వారు. ఇల్లు విడిచి వస్తాననే మాట దగ్గర నవ్వు ఆగిపోయింది.

“ఎవలదీ చాట?” అన్నాడు.

నా దోస్తు వాళ్లదని చెప్పాను.

“ఎవలు రాసిండ్రు?”

“నాకు తెల్వది” అన్నాను. నా వేలికి ఇంకా సిరా ఉంది.

ఆయన ఆ కాగితం పట్టుకుని వాళ్లింటికి వెళ్లి, వాళ్ల నాన్న చేతికిచ్చాడు. నా దోస్తు చదువు ఆ రోజుతో ఆగిపోయింది. పది రోజుల్లో దాన్ని బోధన్‌లో మేనత్త ఇంటికి పంపారు. రెండేళ్లకు అక్కడే పెళ్లి చేశారు. రాత ఎవరిదని ఎంత కొట్టినా అది నా పేరు చెప్పలేదట. మా అమ్మ ఎక్కడో విని ఇంటికొచ్చి చెప్పింది, “మొండిది, నోరు విప్పలేదట” అని. నేను డైరీ రాస్తాను, అప్పుడూ రాసేదాన్ని. ఆనాటి పేజీలో “తలనొప్పి, తొందరగా పడుకున్నాను” అని ఉంది. ఎవరూ చదవని పుస్తకంలో కూడా అబద్ధం రాశాను.

ఇంకోటి చెప్పాలి. వాళ్ల అవ్వను నేను పెద్దమ్మ అంటాను. అదే గల్లీలో రోజూ ఆమె వాకిలి ముందునుంచే పనికి పోతాను. బతుకమ్మకో, తమ్ముడి పెళ్లికో నా దోస్తు వచ్చినప్పుడు మాత్రం దుకాణంలో పని ఉందని తప్పించుకునేదాన్ని. చింతచిగురు వండితే నాకు పంపుతుంది. “నా బిడ్డ నీలెక్క నెమ్మదిగ ఉంటే నాకీ గతెందుకొచ్చు” అంటుంది. నేను గిన్నె కడిగి తిరిగిచ్చేదాన్ని. ఎనిమిదేళ్లు.

సినిమా చూసిన తర్వాతి మంగళవారం బోధన్ బస్సు ఎక్కాను. ఒకప్పుడు చెరుకు ఉన్న చోట ఇప్పుడంతా వరి. అది శక్కర్‌నగర్‌లో ఉంటుందని, బ్లౌజులు కుడుతుందని పెద్దమ్మ నోట విన్నాను, అంతే. బ్లౌజులు కుట్టే ఆమె అని అడిగితే ఒక ముసలాయన సగం మరాఠీలో, సగం తెలుగులో దారి చెప్పాడు. ఒక గది ఇల్లు, ముందు రేకుల కింద మిషను. అది తల వంచుకుని కుడుతోంది. నేను గేటు దగ్గర నిలబడ్డాను.

అదే తల ఎత్తింది. సినిమాలో చూసినట్టే చూసింది.

“కొలతలకా?” అంది. తర్వాత మిషను మీద చెయ్యి ఆగింది. “నువ్వా?”

“నేనే.”

“దారి ఎట్ల దొరికిందే? ఎనిమిదేండ్ల సంది ఎతుకుతున్నవా?”

అది స్టూలు మీదున్న బట్టలు తీసి కూర్చోమన్నట్టు చూపించింది. మంచినీళ్లు ఇచ్చింది. దాని పాప లోపల నిద్రపోతోందట. ఏం మొదలుపెట్టాలో తెలియక సినిమా గురించి చెప్పాను, అందులో అది కనబడిందని.

“అయ్యో, గది సినిమానా? బస్సుకోసం నిలబడితె గిటు జరుగు గటు జరుగు అని సతాయించిండ్రు. నేను ఏదో సర్వే అనుకున్న.” నవ్వింది. “మస్తు మంది చూసిండ్రా?”

“ఏడుగురం.”

“ఇద్దరు నిద్రపోయే ఉంటరు.”

“అవును.”

ఇద్దరం నవ్వాం. నవ్వు ఆగాక ఎక్కువ కష్టమైంది. కథ ఏమిటని అడిగింది. చెప్పాను. చివర చాయ్ పోసే సీను కూడా చెప్పాను.

“చాయ్ పోసింది, మాఫ్ అయిపాయె?” అంది. “మంచిగున్నది వాని పని. నేనైతె చాయ్ పొయ్య.”

“పొయ్యొద్దు” అన్నాను. “కార్ఖానాల రాత ఎవలదని అడిగితె తెల్వదన్న. నాదే అని చెప్పకపోతి. నిన్నొక్కదాన్నే ఇరికించిన. గది చెప్పనీకె వచ్చిన.”

అది కుడుతున్న బ్లౌజు చేతి దారం పళ్లతో తెంపింది. “గా కోపం నాకు ఎప్పుడో పోయింది. నువ్వు చిన్నప్పటి సంది గంతే. టీచరు పేరు పిలిస్తెనే చెమటలు పట్టేటివి. నువ్వు ఒప్పుకుంటవని నేనెప్పుడు అనుకోలే. అందుకే నీ పేరు చెప్పలే.” బ్లౌజు మడిచి పక్కన పెట్టింది. “కని ఒకటి చెప్పు. నా నర్సింగ్ ఏడ పోయింది?”

నేను మంచినీళ్ల గ్లాసు కింద పెట్టాను.

“మా బాపు కాయిదం పట్టుకొని చదువుతుంటె నేను ఎదురుచూసిన, ఇగొస్తది, ఇగొస్తదని. నర్సింగ్ మాట వస్తె అవ్వకన్న సమజైతుండె, నేను ఎటు పోతలేనని. అది రాలె. ఇల్లిడిచి వస్తనని వచ్చింది. ఎవలు వస్తరు ఇల్లిడిచి? నేనన్ననా గా మాట?”

“అనలే. నేను కలిపిన.”

“ఎందుకు?”

ఎనిమిదేళ్లలో నన్ను నేను ఇంత సూటిగా అడగలేదు. రాతకు అందం కోసమని అనబోయాను. అది నిజమే కానీ సగం నిజం. ఆ అబ్బాయి నా చాటలో బీడీలు పారేసేటప్పుడు కూడా ముఖం చిన్నబుచ్చుకునేవాడు. ఆ మాట రాసేటప్పుడు నేను దాని తరఫున రాయలేదు.

“గా మాట నాదే” అన్నాను.

“నాకెరుకే” అంది నా దోస్తు మెల్లగా. “నువ్వు గాయన ముంగట చాట దించెటప్పుడు నీ చేతులు చూసిన. నాకేం కోపం రాకుండె. దోస్తుకు నచ్చిండంటె మంచోడే అనుకున్న.” నవ్వబోయి ఆపింది. “గిప్పుడేం చేస్తున్నడు?”

“పోయినేడు మా దుకాణానికి వచ్చిండు. దూరంది కనబడ్తలేదట. నేనే ముక్కుకు అద్దాలు పెట్టి చూసిన. నన్ను గుర్తుపట్టలే. జుట్టు పోయింది.”

అది ఈసారి నిజంగా నవ్వింది, పాప లేస్తుందని నోటికి కొంగు అడ్డం పెట్టుకుని. నాకు సినిమా గుర్తొచ్చింది. ఇక్కడ ఆగిపోతే బాగుండునని అనిపించింది. కానీ అది కళ్లు తుడుచుకుని మామూలు గొంతుతో చెప్పడం మొదలుపెట్టింది.

“మొగుడు మంచోడే. మిషన్ కొనిచ్చిండు. నర్సింగ్ పోతె పోయింది. కని అవ్వ ఉన్నది చూడు. బతుకమ్మకు పోత గద, ఇప్పటికీ తలుపుకు అడ్డంగ సాప వేసుకొని పంటది. నాకు బిడ్డ పుట్టింది, అయినా. నేను బయటికి లేస్తె ‘ఏడికి?’ అని లేస్తది. తమ్ముని పెండ్లికి నన్ను దుకాణానికి ఒక్కదాన్ని పంపలే. నేను ఎన్నిసార్లు చెప్పిన, అవ్వా నేను గట్ల అనలేదని. కాయిదంల ఉన్నది కదనే అంటది. కాయిదంకు నేనేం జవాబు చెప్పాలె?”

“నేను చెప్త పెద్దమ్మకు.”

“ఒక్కదానికే చెవుల చెప్పుడు కాదు. కార్ఖానాల అందరి ముంగట చదివిండ్రు. అందరి ముంగటనే చెప్పు.”

నేను తలూపాను. అది నమ్మనట్టు చూసింది. మాఫ్ చేశానని అనలేదు, నేను అడగలేదు. చాయ్ కూడా పోయలేదు. గేటు దాకా వచ్చి, “నా నంబర్ అవ్వ ఫోన్ల ఉంటది” అని మాత్రం అంది.

బుధ, గురు, శుక్రవారాలు పెద్దమ్మ వాకిలి ముందునుంచి పోతూ వస్తూ లోపలికి చూసి వెళ్లిపోయాను. సినిమాలో ఆ ఇద్దరికి మూడో మనిషి లేదు. అందుకే ఒక కప్పు చాయ్‌తో తేలిపోయింది. నా తప్పు మేమిద్దరం ఉన్న గదిలో లేదు. అది మా గల్లీలో, ఇంకొకరి మనసులో ఎనిమిదేళ్లుగా కాపురం ఉంటోంది. అక్కడినుంచి దాన్ని లేపాల్సింది నేనే. ఇవన్నీ డైరీలో రాసుకున్నాను. రాసుకోవడం నాకెప్పుడూ సులభమే.

శనివారం మధ్యాహ్నం అన్నానికి ఇంటికి వచ్చినప్పుడు, తినకుండా అక్కడికి వెళ్లాను. పెద్దమ్మ వాకిట్లో ఐదుగురు ఆడవాళ్లు చాటలు ఒళ్లో పెట్టుకుని బీడీలు చేస్తున్నారు.

“ఏందే అద్దాల పిల్లా, దారి తప్పినవా?” అంది గోడ పక్కన కూర్చున్న ఒకామె. “గీమె మాట్లాడంగ ఎవలన్న ఇన్నరా?”

“కూసో బిడ్డా” అంది పెద్దమ్మ.

నేను కూర్చోలేదు. కూర్చుంటే లేవలేనని తెలుసు. “పెద్దమ్మా, అప్పుడు కార్ఖానాల దొరికిన కాయిదం ఉన్నది గద. అది నేను రాసిన” అన్నాను.

“ఏమంటుందే? ఇనబడ్తలేదు, జర గట్టిగ అను!” అంది ఇంకొకామె.

“అది నేను రాసిన” అని మళ్లీ అన్నాను. ఈసారి నా గొంతు నాకే కొత్తగా, పెద్దగా వినబడింది. “ఇల్లు విడిచి వస్తనన్న మాట అది చెప్పలే. నేనే కలిపిన. ఇంటర్ అయినంక నర్సింగ్ చదువుకుంట, గప్పటిదాక ఆగుమని రాయుమన్నది. నేను అది రాయలే. ఎవలు రాసిండ్రంటె తెల్వదన్న. అబద్ధమాడిన.”

పెద్దమ్మ చేతిలో సగం చుట్టిన ఆకు అలాగే ఉంది. తంబాకు ఒళ్లో రాలుతోంది.

“ఎనిమిదేండ్లకు నోరొచ్చిందానె నీకు?” అంది గోడ పక్కనామె. “చెయ్యని తప్పుకు గా పోరి తన్నులు తిన్నది. నువ్వు గీ గల్లీలనే తలొంచుకొని తిరిగితివి, బుద్ధిమంతురాలి లెక్క!”

“నువ్వూకో” అంది పెద్దమ్మ ఆమెతో. తర్వాత నన్ను చూసింది. ఆమె అలా చూడగా నేను ఎప్పుడూ చూడలేదు. కూర గిన్నె ఇచ్చేటప్పటి చూపు కాదు. “మరి అది ఎటు పోతననలేదా?”

“అనలే పెద్దమ్మా.”

“చదువుకుంటనన్నదా?”

“అన్నది.”

ఆమె చాట పక్కన పెట్టింది. చేతులు కొంగుకు తుడుచుకుని, గూట్లోంచి ఫోన్ తీసి నాకిచ్చింది. “కలుపు” అంది. నేను నంబరు వెతికి కలిపి ఇచ్చాను. ఫోన్ చెవికి పెట్టుకుని లోపలికి పోయింది. తలుపు వేయలేదు. నేను వినకూడదని గల్లీలోకి వచ్చి నిలబడ్డాను. అయినా మొదటి మాట వినబడింది.

“తిన్నవా బిడ్డా?”

తర్వాత, “నర్సింగ్ అని నాకెందుకు చెప్పకపోతివే,” అని, వెంటనే, “అవు, చెప్పినవ్. చెప్పినవ్. నేనే ఇనలే,” అని. ఆ తర్వాత మాటలు లేవు, ఏడుపు. వాకిట్లో బీడీలు చేసే చేతులు మళ్లీ మొదలైన చప్పుడు రాలేదు. ఆ ఐదుగురూ వింటున్నారు.

పెద్దమ్మ బయటికి వచ్చి నా ముఖం చూడకుండా ఫోన్ చాపింది. “నీతోని మాట్లాడుతదట.”

“హలో” అన్నాను.

“నిజంగనే అందరి ముంగట చెప్పినవానే?” దాని గొంతు ముద్దగా ఉంది.

“చెప్పిన.”

“తిట్టిండ్రా?”

“తిట్టిండ్రు.”

“మంచిగైంది.” ముక్కు చీదిన చప్పుడు. “రేపు వస్తున్న. అవ్వ రమ్మన్నది. నీతోని కొట్లాడేది ఇంకా మస్తున్నది, నేను ఇంకా మొదలే పెట్టలే. ఇంట్ల ఉండు. మల్ల దుకాణమని దాసుకుంటె అక్కడికే వస్త.”

ఫోన్ పెద్దమ్మకు ఇచ్చాను. ఆమె తీసుకుంది. నన్ను కూర్చోమనలేదు.

అన్నం తినకుండానే దుకాణానికి తిరిగి వెళ్లాను. ఆదివారం మాకు అన్నిటికన్నా ఎక్కువ గిరాకీ. నేను చేరిన నాటినుంచి ఒక్క ఆదివారం కూడా సెలవు అడగలేదు. రేపు సెలవు కావాలన్నాను. మా యజమాని అద్దం తుడుస్తూ తల ఎత్తకుండానే “ఎందుకమ్మా?” అన్నాడు.

కడుపునొప్పి అని చెప్పవచ్చు. అలవాటుగా నోటిదాకా వచ్చింది కూడా.

“మా దోస్తు వస్తున్నది సార్” అన్నాను. “మేం కొట్లాడుకోవాలె.”